ఖజానా గది, రికార్డు గది, సర్వర్ గది

మన సంఘం ప్రత్యేక సంచికకు పాత కార్యాలయాల చరిత్ర ఏదైనా వ్రాయమని కార్యవర్గ మిత్రులు కోరారు. సుబేదార్ల కాలం గురించి, నిజాం పరిపాలన గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను తాళాల గురించి వ్రాయదలచుకున్నాను. దీనికి కారణం లేకపోలేదు. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చిన నాటి నుండి మనం బ్రతికే ఉన్నామని చెప్పే కాగితం కూడా కంప్యూటరులోకి వెళ్ళింది. పెన్షను లెక్క, పొలం పట్టా, ఇంటి రిజిస్ట్రేషను, బ్యాంకు ఖాతా అన్నీ ఎక్కడో ఒక గదిలో ఇనుప బీరువాలలో తిరుగుతున్న యంత్రాలలో ఉన్నాయి. ఆ గదిని సర్వర్ గది అంటారు. అలాంటి గదులను వందలాది మందికి అద్దెకిచ్చే పెద్ద భవనాన్ని డేటా సెంటర్ అంటారు. మనం సర్వీసులో ఉండగా ఛార్జి తీసుకునేటప్పుడు మొదట అడిగే ప్రశ్న "తాళం చెవులు ఏవి?" అనేది. ఈ కొత్త గది విషయంలో ఆ ప్రశ్నను మనలో ఎవరమూ అడగడం లేదు.

ఓరుగల్లు వాళ్ళకు ఈ విషయం కొత్త కాకూడదు. గణపతిదేవుడు మొదలుపెట్టగా రుద్రమదేవి కాలంలో పూర్తయిన మన కోట ఒక్క గోడ కాదు. బయట మట్టి కోట, లోపల కందకం, దాని వెనుక 45 బురుజులతో రాతి కోట. నాలుగు వైపులా ద్వారాలున్నా ఏ ద్వారం నుండీ సూటిగా లోపలికి పోలేము. మొదటి వాకిలి దాటగానే నాలుగు వైపులా గోడలున్న ఆవరణలో పడతాము. అక్కడ పక్కకు తిరిగితేనే రెండో వాకిలి కనిపిస్తుంది. ఆ మలుపులో గుర్రం వేగం తగ్గుతుంది, ఏనుగు పరుగెత్తి తలుపును గుద్దలేదు, పైనున్న కాపలాదారుకు వచ్చినవాడి ముఖం చూసే సమయం దొరుకుతుంది. నేటి డేటా సెంటర్లలో రెండు తలుపుల చిన్న గది ఒకటి ఉంటుంది. మొదటి తలుపు మూసుకుంటే గాని రెండోది తెరుచుకోదు. లోపల ఒక్కడే ఉన్నాడా, వెనుక ఇంకొకడు దూరాడా అని యంత్రం చూస్తుంది. ఇంజనీర్లు దీన్ని కొత్త ఏర్పాటుగా చెబుతారు గాని, ఖిలా వరంగల్ వెళ్ళే బస్సు డ్రైవరుకు ఆ మలుపులు రోజూ తెలిసినవే. అంతటి కోట కూడా 1323లో ఉలుగ్ ఖాన్ ముట్టడికి లొంగిపోయింది. ఆ కథ వేరు.

ఇక మన కార్యాలయాలకు వస్తాను. ఖజానా శాఖలో పనిచేసిన మిత్రులకు డబుల్ లాక్ అన్న మాట వినగానే ఆ గది వాసన కూడా గుర్తుకు వస్తుంది. స్ట్రాంగ్ రూముకు రెండు తాళాలు, రెండు చెవులు. ఒకటి ఖజానా అధికారి దగ్గర, ఇంకొకటి ష్రాఫ్ దగ్గర. ఒకరు లేకుండా ఇంకొకరు తెరవలేరు. ఇద్దరూ కలిసి తెరవాలి, ఇద్దరూ చూస్తుండగా లెక్క జరగాలి, ఇద్దరూ కలిసి మూయాలి, రిజిస్టరులో ఇద్దరి సంతకాలూ పడాలి. రోజువారీ ఖర్చుకు కావలసిన నగదు, స్టాంపులు మాత్రమే బయట సింగిల్ లాక్‌లో ఉండేవి. ఆ గది పనికి వస్తుందని పి.డబ్ల్యు.డి. ఇంజనీరు సర్టిఫికెట్ ఇవ్వాలి. సెంట్రీ ఎక్కడ నిలబడాలో పోలీసు అధికారి వ్రాసిచ్చిన ఉత్తర్వు అక్కడే వ్రేలాడుతుండాలి. పెట్టెలు గోడకు ఆనించి పెట్టరాదు. ఎందుకంటే దొంగ ఎప్పుడూ తలుపు నుండే రాడు, గోడకు కన్నం వేసి కూడా వస్తాడు.

డూప్లికేట్ తాళం చెవుల సంగతి ఇంకా బాగుంటుంది. ఉప ఖజానా తాళాల డూప్లికేట్లు లక్క సీలు వేసిన కవరులో జిల్లా ఖజానాకు వెళ్ళేవి. వాటికొక రిజిస్టరు. ఏడాదికొకసారి ఆ కవర్లు తీసి, చెవులు సరిగా ఉన్నవో లేవో చూసి, మళ్ళీ సీలు వేసి భద్రపరచాలి. ఒక అధికారి హఠాత్తుగా చనిపోయినా, చెవి పోగొట్టుకున్నా ప్రభుత్వం పని ఆగరాదు. అలాగని డూప్లికేట్ అదే ఊళ్ళో ఉండరాదు. ఈ నిబంధన ఎవరు వ్రాశారో గాని వాళ్ళకు మనిషి స్వభావం బాగా తెలుసు. రెండు చెవులూ ఒకే మొలత్రాడుకు కట్టుకుని తిరిగితే రెండు తాళాలున్నా ఒకటే అని వాళ్ళకు తెలుసు.

ఈ రెండు తాళాల పద్ధతి నేటికీ ఎన్నికలప్పుడు మనందరి కళ్ళముందే నడుస్తుంది. పోలింగు అయ్యాక ఓటింగు యంత్రాలు వరంగల్‌లో ఏనుమాముల మార్కెట్ యార్డుకు చేరతాయి. గదికి డబుల్ లాక్, అభ్యర్థుల ఏజెంట్లు కూడా తమ సీలు వేసుకునే వీలు, చుట్టూ సాయుధ పోలీసు కాపలా, కెమెరాలు. మనలో ఎంతోమంది ఆ డ్యూటీలు చేసినవారే గనుక విస్తరించను.

ఖజానాతో పోలిస్తే రికార్డు గదికి గౌరవం తక్కువ. అందులో డబ్బు ఉండదు, కాగితాలే కదా అని అందరి అభిప్రాయం. కాని పద్ధతి చూస్తే ఏమీ తక్కువ లేదు. రికార్డు కీపరు తప్ప ఎవరూ లోపలికి పోరాదు. నిప్పు, బీడీ, దీపం నిషిద్ధం. ఫైలు కావాలంటే స్లిప్పు వ్రాసివ్వాలి. రికార్డు కీపరు ఆ ఫైలు తీసిన ఖాళీలో ఆ స్లిప్పు పెడతాడు. పదేళ్ళ తరువాత చూసినా ఆ ఫైలు ఏ సెక్షను తీసుకుంది, ఏ తేదీన తీసుకుంది తెలుస్తుంది. ఎల్.డిస్. ఏడాది, కె.డిస్. మూడేళ్ళు, డి.డిస్. పదేళ్ళు, ఆర్.డిస్. శాశ్వతం. గడువు తీరినవాటిని జాబితా వ్రాసి, అనుమతి తీసుకుని నాశనం చేయాలి. ఎవరు లోపలికి వచ్చారు, ఏమి తీసుకెళ్ళారు, ఎప్పుడు తిరిగి ఇచ్చారు, ఎప్పుడు నాశనమైంది అనే ఈ నాలుగు ప్రశ్నలకే నేటి డేటా సెంటర్ వాళ్ళు లక్షల ఖరీదు చేసే యంత్రాలు పెట్టి జవాబు వ్రాయిస్తున్నారు. పాత హార్డ్ డిస్కులను ముక్కలు ముక్కలుగా నలిపే యంత్రం కూడా ఉంటుందట. మనం చింపి తగలబెట్టించిన ఎల్.డిస్. కట్టలే గుర్తుకు వచ్చాయి.

తెలంగాణలో అసలు రికార్డు గది తహశీలు కార్యాలయంలో లేదు. అది పట్వారీ ఇంట్లో ఉండేది. పహాణీ, చెస్సాలా, ఫైసల్ పట్టీ అన్నీ గుడ్డలో కట్టిన బస్తాలుగా ఆయన ఇంటి అటక మీద, సందూకులో ఉండేవి. తాళం చెవి ఆయనది, ఇల్లు ఆయనది, జ్ఞాపకం కూడా ఆయనదే. రైతు తన భూమి ఎవరి పేరున వ్రాసి ఉందో చూడాలంటే ఆయన వాకిట్లో నిలబడాలి. నిజాయితీపరులైన పట్వారీలు లేరని కాదు, నేనే పలువురిని చూశాను. కాని ఒకే మనిషి వ్రాసేవాడు, దాచేవాడు, చూపించేవాడు అయినప్పుడు ఆయన మంచితనమే ఊరికి తాళం. అది ఉన్నంతకాలం సరే.

1984 జనవరి 6న ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి పార్ట్‌టైము గ్రామాధికారుల పదవులు రద్దు చేసింది. మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ అందరూ ఒక్క దెబ్బతో పోయారు. అప్పటికింకా మండలాలు రాలేదు, నేను జిల్లాలోని ఒక తాలూకా కార్యాలయంలో ఎల్.డి.సి.ని. రికార్డులు స్వాధీనం చేసుకోమని ఉత్తర్వు. బస్తాలు సైకిళ్ళ మీద, ఎడ్లబండ్ల మీద వచ్చాయి. వరండాలో కుప్పలు. మేము రశీదులు వ్రాసి వ్రాసి వేళ్ళు నొప్పి పెట్టాయి. కొన్ని ఊళ్ళ నుండి "చెదలు తిన్నయి", "ఇల్లు కురిసి తడిసినయి" అన్న మాట తప్ప కాగితం రాలేదు. ఒక వృద్ధ పట్వారీ గారు బస్తాలన్నీ వరుసగా లెక్క అప్పగించి, సంతకం పెట్టి, మా డిప్యూటీ తహశీల్దారు గారితో అన్న మాట నాకు నలభై ఏళ్ళయినా గుర్తుంది: "కట్టలైతే ఇచ్చిన సార్. ఈ ఉర్దూ సేత్వార్లు మీకు చదివి చెప్పేటోడెవడు?" ఆయన వెక్కిరింపుగా అనలేదు, నిజంగానే అడిగారు. ఆ కార్యాలయంలో ఉర్దూ చదవగలవారు అప్పటికి ఒకరిద్దరే ఉన్నారు.

ఆ బస్తాలు రావడంతో తాలూకా కార్యాలయం ఒక్కసారిగా నిండిపోయింది. 1985 మే నెలలో మండలాలు ఏర్పడి మళ్ళీ పంపకాలు. ఏ బస్తా ఏ మండలానికి పోయిందో తెలుసుకోవడానికే నెలలు పట్టింది. తరువాతి రోజుల్లో మన జిల్లాలో నక్సలైట్లు మండల కార్యాలయాల మీద దాడి చేసి రికార్డులు తగలబెట్టిన సంఘటనలు మీకు తెలిసినవే. రికార్డు అంతా ఒకే చోట ఉంటే ఒక్క అగ్గిపుల్ల చాలు.

కంప్యూటరు మన రికార్డుల్లోకి మెల్లగా వచ్చింది. జాతీయ సమాచార కేంద్రం, అంటే ఎన్.ఐ.సి., 1976లో పుట్టి తరువాత జిల్లాల దాకా వచ్చింది. కలెక్టరేటులో చెప్పులు విడిచి వెళ్ళవలసిన ఏకైక గది అదే. దుమ్ము పడరాదని చెప్పేవారు. ఏ.సి. కూడా ఆ గదికే, కాబట్టి వేసవిలో ఏదో ఒక పని పెట్టుకుని అక్కడికి పోయేవాళ్ళం. 1998 నవంబరులో రిజిస్ట్రేషను శాఖలో కార్డ్ పథకం వచ్చి దస్తావేజులు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోని కంప్యూటరులోకి ఎక్కాయి. అప్పటికి యంత్రం మన కళ్ళముందే, అదే కార్యాలయంలో ఉండేది. 2008లో ఎన్.ఐ.సి. తన మొదటి జాతీయ డేటా సెంటర్‌ను హైదరాబాదులోనే పెట్టింది. తరువాత పుణె, ఢిల్లీ, భువనేశ్వర్. ప్రైవేటు సంస్థలూ వచ్చాయి. 2022 మార్చిలో మైక్రోసాఫ్ట్ హైదరాబాదు డేటా సెంటర్లను ప్రకటించింది, అదే ఏడాది నవంబరులో అమెజాన్ తనవి ప్రారంభించింది. ఇక రికార్డు కార్యాలయాన్ని విడిచి నగరానికి వెళ్ళిపోయింది.

అటువంటి భవనంలో కాపలా ఎలా ఉంటుందో తెలుసుకుంటే మనకు ఆశ్చర్యం కన్నా పరిచయమే ఎక్కువ కలుగుతుంది. బయట ప్రహరీ, గేటు వద్ద వాహన తనిఖీ. ముందుగా పేరు ఇవ్వనివాడికి ప్రవేశం లేదు. గుర్తింపు కార్డు చూపాలి, ఫోను, పెన్ డ్రైవ్ వంటివి అప్పగించాలి. తరువాత కార్డు, వేలిముద్ర. తరువాత ఇందాక చెప్పిన రెండు తలుపుల గది. హాలులోకి వెళ్ళాక కూడా ఏ సంస్థ యంత్రాలు ఆ సంస్థ ఇనుప జాలీలోనే, ఏ బీరువా తాళం దానిదే. అద్దెకున్నవాడు పక్కవాడి బీరువా ముట్టరాదు. మరమ్మతుకు వచ్చిన మెకానిక్ వెంట ఒక మనిషి నిలబడే ఉండాలి. ఇంత చేసినా వాళ్ళు ఎక్కువగా భయపడేది ఒక చిన్న మర్యాదకు. ముందు వెళ్ళినవాడు తలుపు పట్టుకుని వెనకాల వచ్చేవాడికి "రండి సార్" అంటాడు. చేతిలో బరువున్న మనిషికి తలుపు తీయకపోతే మనకే సిగ్గుగా ఉంటుంది. దొంగకు కావలసింది అదే.

గోడకు కన్నం వేసే విద్య కూడా పోలేదు. 2007 అక్టోబరులో అమెరికాలోని షికాగోలో సి.ఐ. హోస్ట్ అనే సంస్థ డేటా సెంటర్‌లో దొంగలు కరెంటు రంపంతో గోడ కోసి లోపలికి వెళ్ళి కనీసం 20 సర్వర్లు ఎత్తుకుపోయారు. 2005 నుండి లెక్కిస్తే అక్కడ చొరబాటు జరగడం అది కనీసం నాలుగోసారి అని వార్తలు వచ్చాయి. తలుపుకు ఎన్ని తాళాలున్నా గోడ పలచనైతే లాభం లేదు. ఈ గదుల్లో కేబుళ్ళ కోసం నేల కింద ఒక బోలు, పైన సీలింగు వెనుక ఒక బోలు ఉంటాయి. గోడ ఆ బోలులోకి కూడా కింది స్లాబు నుండి పై స్లాబు వరకు కట్టకపోతే మనిషి పాకుతూ రావచ్చు. పెట్టె గోడకు ఆనించరాదన్న మన ఖజానా నిబంధన ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది.

గోడ అనగానే ఇంకొక మాట. 2018 మార్చిలో ఆధార్ కేసు సుప్రీం కోర్టులో నడుస్తుండగా అటార్నీ జనరల్ కె.కె. వేణుగోపాల్ గారు ఆధార్ సమాచారం 13 అడుగుల ఎత్తు, 5 అడుగుల మందం గల గోడల వెనుక భద్రంగా ఉన్నదని చెప్పారు. దేశమంతా నవ్వింది. నేను నవ్వలేదు. గోడ ఉండవలసిందే. నవ్వవలసింది, అదే ఏడాది జనవరిలో చండీగఢ్ నుండి వెలువడే ట్రిబ్యూన్ పత్రిక, 500 రూపాయలిచ్చి ఆధార్ వివరాలు చూసే పాస్‌వర్డు కొన్నామని వ్రాసినందుకు. గోడ దూకినవాడెవడూ లేడు. లోపలికి రాదగినవాడి చెవి బజారులో దొరికింది.

మన రాష్ట్రంలో జరిగిన దాని గురించి కూడా చెప్పక తప్పదు. 2023 మార్చిలో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాలు బయటకు పోయాయి. బయటి దొంగ రాలేదు. గోప్య విభాగంలోని కంప్యూటరు నుండి లోపలివాళ్ళే తీసుకున్నారని దర్యాప్తు తేల్చింది. 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. మళ్ళీ 2023 జూన్‌లో పరీక్ష పెడితే, అభ్యర్థుల వేలిముద్రలు తీసుకోలేదన్నది ముఖ్య కారణంగా హైకోర్టు సెప్టెంబరులో దాన్నీ రద్దు చేసింది. ఒకసారి లోపలి తలుపు దగ్గర, రెండోసారి బయటి తలుపు దగ్గర లోపం. లక్షల మంది పిల్లల ఏళ్ళు పోయాయి. మన ఇళ్ళల్లో కూడా అలాంటి పిల్లలు ఉన్నారు. ఇద్దరు మనుషులు, రెండు చెవులు అనే పద్ధతి ఖజానాలో స్టాంపు కాగితాలకు ఉన్నదే గాని ప్రశ్నపత్రం ఉన్న యంత్రానికి ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

తాళం మరీ గట్టిదైనా చిక్కే. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్ ప్రపంచమంతటా కొన్ని గంటలు ఆగిపోయింది. సరిచేయడానికి వచ్చిన సొంత ఉద్యోగులకే తలుపులు తెరుచుకోలేదని వార్త, ఎందుకంటే కార్డు చదివే యంత్రాలు కూడా ఆగిపోయిన ఆ నెట్‌వర్కు మీదే ఆధారపడి ఉన్నాయి. డూప్లికేట్ చెవిని అదే పెట్టెలో పెట్టి తాళం వేసినట్లు. మన పాత నిబంధన వ్రాసినాయన వాళ్ళకు దొరికి ఉంటే బాగుండేది. అలాగే మంటలు వస్తే ఈ తలుపులు తమంతట తాము తెరుచుకోవాలి, లోపలి మనిషి బ్రతకాలి కదా. ఖజానా తలుపుకు ఆ బాధ లేదు, లోపల మనిషి ఉండడు.

నన్ను అన్నింటికన్నా ఎక్కువ కలవరపెట్టింది దక్షిణ కొరియా ప్రమాదం. 2025 సెప్టెంబరు 26న దేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో బ్యాటరీలు మార్చే పని జరుగుతుండగా నిప్పు అంటుకుంది. ఆర్పడానికి దాదాపు 22 గంటలు పట్టింది. వందలాది ప్రభుత్వ సేవలు ఆగిపోయాయి. అందులో ఉద్యోగులు తమ ఫైళ్ళు దాచుకునే ఒక ఉమ్మడి నిల్వ ఉండేది. సుమారు 1,25,000 మంది వాడేవారు. 858 టెరాబైట్లు. అది మరీ పెద్దదని వేరొక చోట నకలు ఉంచలేదు. మొత్తం కాలిపోయింది. ఎక్కువ నష్టపోయింది ఉద్యోగుల సర్వీసు వ్యవహారాలు చూసే మంత్రిత్వ శాఖ. ఎందుకంటే ఫైళ్ళన్నీ అందులోనే పెట్టాలని వాళ్ళు గట్టిగా పాటించారు. మన సర్వీసు రిజిస్టర్లు అలా కాలిపోయి ఉంటే ఇంక్రిమెంట్లు, సెలవులు, పెన్షను ఏ ఆధారంతో లెక్క కట్టేవారో ఒక్కసారి ఊహించండి. ఆ భవనానికి కాపలా తక్కువ కాదు, దొంగ ఎవరూ రాలేదు. పనికి అనుమతితో లోపలికి వెళ్ళినవాళ్ళ చేతుల్లోనే అది జరిగింది.

మళ్ళీ మన పొలాల దగ్గరకు వస్తాను. 2020 సెప్టెంబరు 7న గ్రామ రెవెన్యూ అధికారుల వద్ద ఉన్న రికార్డులన్నీ మధ్యాహ్నం 3 గంటలలోగా స్వాధీనం చేసుకోమని కలెక్టర్లకు ఉత్తర్వు వచ్చింది. టి.వి.లో ఆ దృశ్యం చూస్తుంటే 1984 వరండా కళ్ళముందు కదిలింది. సైకిళ్ళకు బదులు మోటారు సైకిళ్ళు, అంతే తేడా. అదే ఏడాది అక్టోబరు 29న ధరణి వచ్చింది. రికార్డు పట్వారీ ఇంటి నుండి తాలూకాకు, తాలూకా నుండి మండలానికి, మండలం నుండి ఎవరికీ కనిపించని యంత్రంలోకి వెళ్ళింది. ఆ యంత్రం నిర్వహణ కొంతకాలం ప్రైవేటు సంస్థ చేతిలో ఉండి, 2024 చివరలో ఎన్.ఐ.సి.కి మారింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. రైతు నిలబడే వాకిలి మారుతూ వచ్చింది. తన పేరు తప్పుగా పడితే ఎవరిని అడగాలన్న ప్రశ్న మాత్రం అలాగే ఉన్నది.

తగాదా వచ్చినప్పుడు నేటికీ కోర్టు అడిగేది 1954-55 ఖాస్రా పహాణీ, సేత్వారు. అవి కాగితాలే. వాటి స్కానింగు చాలావరకు జరిగింది గాని సంతకం, సిరా, దిద్దుబాటు చూడాలంటే అసలు కావాలి. ఇటీవల ఒక పని మీద నేను వెళ్ళిన కార్యాలయంలో (పేరు అనవసరం) ఒక మూల చిన్న అద్దాల గదిలో కంప్యూటరు బీరువా ఉన్నది, తలుపుకు వేలిముద్ర యంత్రం ఉన్నది. పక్కన రికార్డు గది. తాళం ఉన్నది, దాని చెవి అటెండరు కుర్చీ వెనుక మేకుకు వ్రేలాడుతున్నది. స్లిప్పుల పద్ధతి ఉన్నదా అని అడిగితే ఆ అబ్బాయి నా వైపు వింతగా చూశాడు. "పెద్దసారు, మీకేం కావాలో చెప్పండి, తీసిస్త" అన్నాడు. మంచి పిల్లవాడు. నేను అడిగిన కట్ట ఐదు నిమిషాల్లో తెచ్చిచ్చాడు. దాని చోట ఏమీ పెట్టలేదు.

మన సంఘం తరఫున కలెక్టరు గారికి ఈసారి ఇచ్చే వినతిపత్రంలో పెన్షను బకాయిలు, వైద్య కార్డుల విషయంతో పాటు రెండు అంశాలు చేర్చవలసిందిగా మనవి. ప్రతి తహశీలు కార్యాలయంలో రికార్డు గది తాళం చెవి ఒక పేరున్న ఉద్యోగి బాధ్యతలో ఉండి, రాకపోకల రిజిస్టరు నడవాలి. అలాగే మన పెన్షను, సర్వీసు వివరాల నకలు ఏ రెండు ఊళ్ళలో ఉన్నదో, చివరిసారి ఆ నకలు తెరిచి సరిచూసినది ఎప్పుడో ఖజానా శాఖ నుండి లిఖితపూర్వకంగా కోరాలి. ఉప ఖజానా డూప్లికేట్ చెవుల కవరును ఏడాదికొకసారి విప్పి చూసిన మిత్రులు మనలో కొందరు ఇంకా ఉన్నారు. ఆ రిజిస్టరు నమూనా ఎవరి వద్దనైనా ఉంటే దయచేసి సంఘ కార్యాలయంలో ఇవ్వగలరు, వినతిపత్రానికి జతచేయవచ్చును.